తెల్లబడిన రొయ్యకల్లా యాంటిబయాటిక్కేనా?

పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు చెరువులున్న మన తెలుగువాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. కమిటీ పెద్దలు మరీ ముఖ్యంగా.

పోయిన మీటింగులో ఒక తీర్మానం చేశారు. సంఘం డబ్బుతో యాంటిబయాటిక్ పొడి ఒకేసారి కొని సభ్యులకు తక్కువ ధరకు పంచాలట. రొయ్య ఒళ్లు తెల్లబడితే మేతలో కలపాలట. ఆ రోజే వద్దన్నాను. ‘నువ్వేమైనా డాక్టరువా?’ అన్నారు. కాదు. కానీ అమ్మే ఆయనా డాక్టరు కాదు కదా!

రొయ్య తెల్లబడటానికి కారణం ఒకటి కాదు. ఆక్సిజన్ తగ్గినా, ఎండ ముదిరినా, వైరస్ పట్టినా కండ తెల్లబడుతుంది. ఈస్టు వల్ల కూడా. అవును, పిండి పులియబెట్టే ఈస్టుకు దూరపు చుట్టం. పేరు మెచ్నికోవియా బైకస్పిడేటా. తైవాన్‌లో నీలకంఠ రొయ్యల చెరువుల్లో చలికాలంలో నష్టం చేసింది ఇదే. చైనాలో పాంజిన్ వైపు పీతల రైతులు దీన్ని పాల జబ్బు అంటారు. కాలు విరిస్తే పాలలాంటి ద్రవం కారుతుంది. కొత్త జీవి కూడా కాదు. 1884లోనే మెచ్నికాఫ్ దీని సూదుల్లాంటి బీజాలు నీటి ఈగ పేగును పొడుచుకుని లోపలికి పోవడం చూశాడు. ఆయనకే తర్వాత 1908లో నోబెల్ వచ్చింది.

మన చెరువుల్లో తెల్లబడిందంతా ఈస్టే అని నేననను. బెల్లం, తవుడు పులియబెట్టి పోసేవాళ్లూ కంగారుపడొద్దు, ఆ ఈస్టు వేరు. నేననేది ఒకటే. యాంటిబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. ఈస్టు బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రం. వైరస్సూ బ్యాక్టీరియా కాదు. ఈ రెండింటి మీదా ఆ పొడి పనిచేయదు. పైగా ఈస్టుకు పోటీగా ఉన్న బ్యాక్టీరియాను తుడిచేసి దానికి చోటిస్తుంది. యాంటిబయాటిక్ కోర్సు వాడాక కొందరికి నోట్లో తెల్లపూత వస్తుంది చూడండి, అలాంటిదే.

డబ్బు పోవడంతో ఆగదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషేధం. లేబుల్ లేని పొడిలో ఏముందో మీకు తెలుసా? అవశేషం దొరికితే యూరప్ నుంచి కంటైనర్ వెనక్కొస్తుంది. ఆ తర్వాత మన రొయ్యకు ధర ఎవరిస్తారు?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. జబ్బు రొయ్య నెత్తురు చుక్క స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే, మొగ్గలు తొడిగే కోలకణాలు కనబడతాయి. అక్కడ అనుమానం వస్తే గట్టి పరీక్షకు చెన్నైలో సిబా ఉంది, మనకు గంటన్నర దారి. ఈలోగా చచ్చినవాటిని ఏరి దూరంగా పూడ్చండి. రొయ్య చచ్చిన రొయ్యను తింటుంది, జబ్బు అలాగే పాకుతుంది.

ఉగాది పందిట్లో ఆ మందుల షాపు బ్యానరు కట్టిన సంగతి నాకూ తెలుసు. పులిహోర ఖర్చు ఆయన పెట్టుకున్నాడని మన చెరువులు ఆయనకు రాసిచ్చేస్తామా?

పొడికి కేటాయించిన డబ్బుతో ఒక మైక్రోస్కోపు కొనాలని, తీర్మానం మళ్లీ చర్చకు పెట్టాలని సెక్రటరీ గారికి కాగితం ఇస్తున్నాను. సంతకం పెట్టేవాళ్లు కింద పేరు, ఊరు రాయండి.