కారు దిగి కాసేపు నడుద్దాం

వేసవి సెలవుల్లో హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన కుటుంబం నిజామాబాద్ దాకా ఆగితే దాబా దగ్గరే ఆగుతుంది. కామారెడ్డి, రాజంపేట, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఉన్న గుట్టలు, చెరువులు, కోటలు కారు అద్దంలోంచే వెనక్కి పోతాయి. ఆ నష్టం పూడ్చాలనే ఈ సంచికను కాలినడకలకు కేటాయించాం.

ఎంపికలో మేం చూసింది ఒక్కటే. అవ్వా తాతలు, బడిపిల్లలు కలిసి నడిచి, ఎండ ముదరకముందే కారు దగ్గరికి రాగలగాలి. దోమకొండ కోట అలాంటిది. ఎక్కే పని లేదు, లోపల మహాదేవుని గుడి ఉంది. జీర్ణోద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. మోకాళ్లు బాగున్నవారికి మెదక్ కోట మెట్లు. పోచారం అభయారణ్యంలో మాత్రం అటవీ సిబ్బందిని అడగకుండా లోపలికి వెళ్లకండి.

ఎండ మాట గట్టిగా చెప్పాలి. లాస్ వేగస్ నుంచి మనవాళ్లు కార్లలో వెళ్లే డెత్ వ్యాలీ ఎడారిలో, వేసవిలో ఉదయం 10 దాటాక పల్లపు ప్రాంతాల్లో నడవొద్దని పార్కు అధికారులే హెచ్చరిస్తారు. మన బండగుట్టలకూ అదే నియమం పెట్టుకోవాలి. పొద్దెక్కితే రాయి పెనంలా కాలుతుంది, నీడకు చెట్టు దొరకదు. బండ అంచున తేనెతుట్టె కనిపిస్తే చప్పుడు చేయకుండా వెనక్కి తిరగండి. మనిషికో నీళ్ల సీసా తప్పనిసరి.

రాజంపేట వైపు మీకు తెలిసిన నడకదారి ఉంటే రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.