సహపంక్తిలో చోటు లేకపోతే గడపే దాటనివ్వరా?

చాలాకాలం తరువాత ఈ గూటికి వచ్చి వ్రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి విశ్రాంతి తీసికొంటున్నవాడికి కంప్యూటరు సంగతులెందుకని కొందరు నవ్వవచ్చు. నవ్వండి. కాని చివరిదాకా చదివి నవ్వండి.

విషయమిది. మేము ఐదుగురు విశ్రాంత ఉపాధ్యాయులం మరుగునపడుతున్న వ్యవసాయపు మాటలను ఒక జాలస్థలంలో పోగుచేస్తున్నాం. కపిల అంటే ఈనాటి పిల్లలకు తెలియదు. బాన, తొండం, మోకు, గిలక అంటే అసలే తెలియదు. మాలో ఆ మాటలు పుస్తకాలలో కాక చేతులతో నేర్చినవారు ఒక్కరే. నాకన్న నాలుగేళ్ళు పెద్దవారు, చిన్ననాట తండ్రితో కలిసి కపిల తోలినవారు.

నిరుడు ఆ స్థల నిర్వాహకులు ఒక కొత్త సదుపాయం పెట్టారు. ఒకే పుటలో అందరూ ఏకకాలంలో వ్రాయవచ్చు. నేను కొట్టిన అక్షరం మరొకరి తెరమీద అప్పటికప్పుడు కనబడుతుంది. చూసి చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాను. కాని ఆనాటినుండి మా పెద్దాయన మాటలు రావడం మానేశాయి. రెండు నెలలు చూసి, ఒంట్లో బాగాలేదేమోనని ఫోను చేశాను.

"ఏదో నొక్కరానిది నొక్కి పాడుచేసినట్టున్నానండీ. తెల్లకాగితంలా వస్తోంది. పిల్లలను అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాను" అన్నారాయన.

ఆయన ఏమీ పాడుచేయలేదు. ఆయన ఇంట్లో ఉన్నది విండోస్ 7 కంప్యూటరు. దానిమీద క్రోమ్ విహారిణి 2023 జనవరిలో వచ్చిన 109వ కూర్పు దగ్గర ఆగిపోయింది. ఆ తెల్లపుట అడుగున చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలతో ఒక వాక్యం ఉంది. మీ విహారిణి పాతది, కొత్తది తెచ్చుకొమ్మని దాని భావం. డెబ్బై దాటిన తెలుగు మాస్టారికి అది కనబడనూ లేదు, కనబడినా ఏమి చేయాలో తెలిసేదీ కాదు.

సాఫ్టువేరు ఉద్యోగంలో ఉన్న నా పూర్వవిద్యార్థి ఒకడిని పిలిచి చూపించాను. కాసేపు చూసి, "మాస్టారూ, ఈ పని చేయడానికి కావలసిన వెబ్‌సాకెట్ ఆ బ్రౌజరుకు వచ్చు. వీళ్ళు దాన్ని అడగనే లేదు. కూర్పు సంఖ్య చూసి బయటికి పంపేశారు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పద్యం చదవమని అడగకుండానే, హాజరుపట్టీలో పేరు చూసి వీడికి రాదని వ్రాసేసే ఉపాధ్యాయుణ్ణి మనం ఏమంటాం?

పాత బ్లాగరులకు ఇది కొత్త అవమానం కాదు. ఒకప్పుడు తెలుగు పత్రికలు కొన్ని తమ సొంత ఫాంటులతో, ఎక్స్‌ప్లోరరులో మాత్రమే సరిగా కనబడేటట్లు పుటలు పెట్టేవి. ఫైర్‌ఫాక్సులో తెరిస్తే అర్థంకాని గీతలు. 'పద్మ' అనే పొడిగింపు వచ్చి వాటిని యూనికోడులోకి మార్చి చూపేదాకా మనం ఎంత విసుక్కొన్నామో గుర్తున్నదా? ఈ స్థలం ఎక్స్‌ప్లోరరులో చూడదగును అన్న పలకను చూసి ఎంత ఎగతాళి చేశామో గుర్తున్నదా? ఆ పలకమీద ఎక్స్‌ప్లోరరు పేరు చెరిపి కొత్త క్రోమ్ పేరు వ్రాస్తే అది అభ్యుదయం అవుతుందా?

నిర్మాతల పక్షాన చెప్పవలసినదీ ఉంది. మామూలుగా విహారిణి అడిగితేనే సర్వరు బదులిస్తుంది. సర్వరే తనంతట తాను కబురు పంపాలంటే దారి తెరిచి ఉండాలి. అందుకు పుట్టిన వెబ్‌సాకెట్ 2011 డిసెంబరులో ప్రమాణంగా వెలువడింది. ఎక్స్‌ప్లోరరుకు అది 2012లో, 10వ కూర్పుతో గాని రాలేదు. అంతకుముందు లాంగ్ పోలింగ్ వంటి ఉపాయాలే గతి. అంటే విహారిణి ఒక ప్రశ్న వేసి, కబురు వచ్చేదాకా గుమ్మంలో కాచుకొని, అది అందగానే మళ్ళీ ప్రశ్న వేయడం. ఎక్స్‌ప్లోరరు 6, 7 కూర్పులు ఒక సర్వరుతో ఒకేసారి రెండు సంబంధాలే పెట్టుకొనేవి. ఒకటి కాపలాకు పోతే మిగిలింది ఒక్కటే. ఇరుకు కాపురమే, అయినా సాగింది. నేటికీ సాకెట్.ఐఓ అనే ప్రసిద్ధ సాధనం మామూలు అమరికలో ముందు ఆ పాత దారినే తలుపు తట్టి, వీలైతే కొత్త దారికి మారుతుంది. కనుక పాతవారికి దారే లేదన్న మాట నిజం కాదు.

గూగుల్ కథ చూడండి. 2009లో వేవ్ అనే సహరచనా సాధనాన్ని ప్రకటించింది. ఎక్స్‌ప్లోరరులో దాన్ని నడపడానికి పడే శ్రమ వృథా అనుకొని, ఆ విహారిణి కడుపులో క్రోమ్ యంత్రాన్ని కూర్చే క్రోమ్ ఫ్రేమును తెచ్చింది. మా ఇంటికి రావాలంటే ముందు మీ ఇంటి తలుపు మార్చుకొమ్మన్నట్లుంది. 2010 మార్చిలో గూగుల్ డాక్స్ ఎక్స్‌ప్లోరరు 6ను వదిలివేయడం మొదలుపెట్టింది. ఆ ఏప్రిలులోనే అక్షరం అక్షరం కనబడే కొత్త సహరచన వచ్చింది. తొమ్మిదేళ్ళనాటి విహారిణిని మోయలేమన్నారు. సరే, ఆ సంస్థ లెక్కలు ఆ సంస్థవి. కాని నలుగురు పదాలు పోగుచేసికొనే చిన్న స్థలాలు కూడా ఆ దర్పాన్నే అనుకరించడం ఎందుకు?

వికీపీడియా మరో దారి చూపింది. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీలో నేటికీ జావాస్క్రిప్టు లేని విహారిణితో పుట చదవవచ్చు, మూలపాఠం దిద్ది భద్రపరచవచ్చు. ఇద్దరు ఒకేసారి వేరువేరు చోట్ల దిద్దితే అదే కలుపుతుంది. కలపలేనప్పుడు దిద్దుబాటు ఘర్షణ అని చెప్పి, ఇద్దరి పాఠాలనూ చూపుతుంది. అప్పటికప్పుడు కనబడే హంగు లేదు. కాని ఎవరి మాటా గాలికి పోదు.

ఇక ఆక్షేపణలు. పాత విహారిణి ప్రమాదకరం అంటారు. నిజమే. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, ఎక్స్‌ప్లోరరు 11కు 2022 జూన్ 15తో మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగిసింది. నేటి స్థలాలు వాడే టీఎల్‌ఎస్ 1.2 అనే రహస్యభాష ఎక్స్‌పీ మీది ఎక్స్‌ప్లోరరు 6కు రాదు. దానికోసం రక్షణ సడలించమని నేను అడగను. కాని తెల్లకాగితం చూపితే ఎవరికి రక్షణ? ప్రమాదమని అతని భాషలో, కనబడే అక్షరాలతో చెప్పండి.

కొత్త విహారిణి ఉచితమే కదా అంటారు. విహారిణి ఉచితమే, దాన్ని మోసే యంత్రం ఉచితం కాదు. విండోస్ 10కే 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను ఒప్పుకోదు. పింఛనుదారుకు కంప్యూటరు ఏటేటా కొనే పంచాంగం కాదు.

శ్రమ రెట్టింపు అంటారు. సహపంక్తిలోనే కూర్చోబెట్టమని నేను అడగడం లేదు. నా కోరికలు మూడే. పుట తెరుచుకోవాలి, చదవడానికి రావాలి. వ్రాసిన మాటను ఒక మామూలు పెట్టెలో వేసి పంపితే చేరాలి. ఇతరుల మాటలు పుటను మళ్ళీ తెరిచినప్పుడు కనబడితే చాలు. మూడవది, విహారిణి పేరూ వయసూ కాక దానికి ఏమి వచ్చునో అడిగి చూడాలి. ఈ మూడూ పునాదిగా కట్టి, పైన మేడగా సహరచన పెట్టండి. మేడ ఎక్కలేనివాడు వసారాలో కూర్చుంటాడు. మేడతో మొదలుపెట్టి మెట్లు మరచినవాడు ఎంత గొప్ప మేస్త్రి అయినా నేను మార్కులు వేయను.

అందరూ కలిసి పనిచేయడానికి అని పేరుపెట్టి తెచ్చిన సదుపాయమే, ఆ పనికి అందరికన్న ముఖ్యుడైనవాణ్ణి బయట నిలబెట్టింది. నా కోపమంతా అక్కడే.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన ఫోనులో చెబుతుంటే నేను ఎక్కిస్తున్నాను. ఆయన నోటుపుస్తకంలో ఇంకా సగానికి పైగా మిగిలి ఉంది. నిర్వాహకులకు రెండుసార్లు వ్రాశాను, జవాబు లేదు. జాలస్థలాలు కట్టే మిత్రులెవరైనా నా మాట తప్పంటే నిస్సంకోచంగా వాదించండి. వాదించే ముందు మాత్రం మీ స్థలాన్ని ఒక పాత కంప్యూటరులో తెరిచి చూసి రండి.

స్వస్తి.