దీపం ఎందుకు పెట్టారో చెప్పని లైట్‌హౌస్ టూరిజం

ప్రశ్న: చారిత్రక లైట్‌హౌస్‌లను పర్యాటకులకు తెరిస్తే వారసత్వాన్ని కాపాడినట్టేనా? చర్చించండి. (జీఎస్ పేపర్-1, ఎస్సే)

నా సమాధానం: కాదు. గేటు తెరవడం వేరు, కాపాడటం వేరు.

ముందు చట్టం చూద్దాం. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో మెరైన్ ఎయిడ్స్ టు నావిగేషన్ చట్టం వచ్చింది. దీని ప్రకారం కేంద్రం ఒక దీపస్తంభాన్ని హెరిటేజ్ లైట్‌హౌస్‌గా ప్రకటించి విద్య, సంస్కృతి, పర్యాటకం కోసం అభివృద్ధి చేయొచ్చు. చట్టం విద్యను ముందు పెట్టింది. మనం మాత్రం పర్యాటకం దగ్గరే ఆగిపోతున్నాం.

ఇక లెక్కలు. 2024 ఫిబ్రవరిలో 75 లైట్‌హౌస్‌లను పర్యాటక కేంద్రాలుగా జాతికి అంకితం చేశారు. ఖర్చు సుమారు 60 కోట్లు, అంటే సగటున ఒక్కోదానికి 80 లక్షలు. 2014లో 4 లక్షలున్న సందర్శకులు 2023-24కి 16 లక్షలు దాటారని ప్రభుత్వం చెబుతోంది. సంతోషమే. కానీ ఇవి తలల లెక్కలు. వచ్చినవాళ్లు ఏం తెలుసుకుని వెళ్లారో వీటిలో లేదు.

విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లినే తీసుకోండి (ఏజెన్సీలోని చింతపల్లి వేరు). ఇంగ్లిష్ రికార్డుల్లో దీని పేరు శాంటపిల్లి. 1847లో ఇక్కడ ఒక చిన్న కొండ మీద లైట్‌హౌస్ కట్టారు. భీమిలికి వెళ్లే ఓడలు సముద్రంలోని శాంటపిల్లి రాళ్లకు తగలకుండా హెచ్చరించడమే దాని పని. ఆ రాళ్ల సంగతి చెప్పకుండా జనాన్ని పైకి ఎక్కిస్తే వాళ్లు చూసేది ఉత్త సముద్రమే. అది కింద ఒడ్డు మీద నుంచీ కనిపిస్తుంది.

"టికెట్ డబ్బు రాకపోతే కట్టడం తుప్పు పట్టిపోతుంది కదా" అంటారు. నిజమే. అందుకే మూసేయమనడం లేదు, షరతులతో తెరవమంటున్నాను. మా తోంగ్‌పాల్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో కాంగేర్ లోయ ఉంది. అక్కడి కుటుంసర్ గుహలోకి గైడు లేకుండా పంపరు, వానాకాలంలో మూసేస్తారు. అలాగని జనం రావడం మానలేదు. అడవిలో కుదిరిన క్రమశిక్షణ తీరంలో ఎందుకు కుదరదు?

నేను అడిగేవి మూడే:

1. మరమ్మతు పాత పద్ధతిలో జరగాలి. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోదు. ఉప్పుగాలి తగిలే చోట గోడే పెచ్చులూడిపోతుంది. సివిల్ ఇంజినీరింగ్ చదివిన ఎవరినడిగినా చెబుతారు.

2. పాత దీపం, కటకాలు, వాటిని తిప్పిన యంత్రం ఏవి మిగిలి ఉంటే అవి అక్కడే ఉంచాలి. ఎలా పనిచేసేవో తెలుగులో రాసి పెట్టాలి.

3. గైడ్లుగా పక్క ఊళ్ల మత్స్యకారుల పిల్లలనే తీసుకోవాలి. ఆ నీళ్ల సంగతి వాళ్లకు తెలిసినంతగా ఏ ఏజెన్సీకీ తెలియదు.

మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే 16 లక్షల దగ్గర జవాబు ఆపకండి. కొండ దిగి వచ్చిన పిల్లాడు రాళ్లు ఎటువైపున్నాయో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే మనం పెట్టిన 80 లక్షలూ గోడల రంగులకు పెట్టినట్టే.