తారల బొమ్మలు పెట్టెల్లో ఎందుకుండాలి?

సినీతారల బొమ్మలు కొనేవాళ్లలో రెండు పక్షాలుంటాయి. పెట్టె విప్పేవాళ్లు, విప్పనివాళ్లు. విప్పనివాళ్లకి బొమ్మ కంటే పెట్టె ముఖ్యం. సీలు చెదరకపోతే విలువ నిలుస్తుందని వాళ్ల లెక్క. మేం విప్పే పక్షం.

ఈ మాట ఇప్పుడు చెప్పాల్సి రావడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. అమెరికాలో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి బెంగళూరుకి తిరిగొచ్చిన మా అత్త, సామానుతో పాటు పదకొండు పెట్టెలు తెచ్చుకుంది. అన్నీ పాత హాలీవుడ్ తళుకుల బొమ్మలు. ఇప్పుడామె చిన్న ఫ్లాటుకి మారుతోంది. పెట్టెలు పెట్టుకునే చోటు లేదు. "సీలు విప్పకుండా అమ్మేయండి, నాలుగు డబ్బులొస్తాయి" అని బంధువుల్లో సగంమంది. "దసరా గొంబెల్లో పెట్టి, తర్వాత పిల్లలకి తలా ఒకటి పంచండి" అని మిగతా సగం. అత్త మాత్రం "మీరే తేల్చండి" అని ఊరుకుంది. అందుకే మా వాదం ఇక్కడ పెడుతున్నాం. ఇలాంటి పెట్టెలు మీ అటకల మీద కూడా ఉండి ఉంటాయి.

ముందు ఈ బొమ్మలేమిటో చెప్పుకుందాం. తారల బొమ్మలు కొత్త వేలంవెర్రి కాదు. 1934లోనే ఐడియల్ కంపెనీ షిర్లీ టెంపుల్ బొమ్మని అమ్మింది. అప్పటికి ఆ బాలతారకి ఆరేళ్లు. రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్దతో చేసిన బొమ్మలవి. 1959లో మాటెల్ వాళ్ల బార్బీ వచ్చింది, 11.5 అంగుళాల ఎత్తు. 1990ల్లో అదే బార్బీకి తారల వేషాలు కట్టారు. 1994లో పచ్చ వెల్వెట్ గౌనుతో స్కార్లెట్ ఓహారా, 1997లో మార్లిన్ మన్రో, 1998లో నల్లగౌనుతో ఆడ్రీ హెప్‌బర్న్.

అత్త పెట్టెల్లో మాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం అసలు లేని తార. పేరు జీన్ మార్షల్. మెల్ ఓడమ్ అనే న్యూయార్క్ చిత్రకారుడు ఊహించిన బొమ్మ. 1995లో ఆష్టన్-డ్రేక్ సంస్థ విడుదల చేసింది. ఎత్తు 15.5 అంగుళాలు. ఆమె ఏ ఒక్క తారకీ నకలు కాదు, 1940లు, 50ల హాలీవుడ్ మొత్తానికీ కలిపి చేసిన ముఖం. ఆమెకో కథ కూడా రాశారు. సినిమాహాల్లో సీట్లు చూపించే పని చేస్తుంటే ఒక దర్శకుడి కంట్లో పడి తారైపోయిందట. ఏ దుస్తులు కొన్నా, అవి ఏ సినిమాలో, ఏ సందర్భంలో వేసుకున్నవో చెప్పే కథ వెంట వచ్చేది. అంటే ఆ బొమ్మని చేసినవాళ్లకే తెలుసు, ముఖం ఒక్కటే చాలదు, చెప్పుకోవడానికి ఓ కథ ఉండాలని. అలాంటిదాన్ని సీలు వేసి అటక మీద పెడితే ఆ కథ ఎవరు చెప్తారు, ఎవరు వింటారు?

ఇక పెట్టె సంగతి. ఇది రాస్తున్న మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎవరో బాగుందని పంపినదాన్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా విప్పి చూడటమే మా పని. విప్పి చూడకుండా "బాగుంది" అని రాసే అలవాటు మాకు లేదు. పెట్టెలో బొమ్మ క్షేమంగా ఉంటుందన్న నమ్మకాన్ని కూడా అలాగే చూడాలి. వినైల్ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పైకి చెమటలా ఊరి కాళ్లూ చేతులూ జిగటగా తయారవుతాయి. జుట్టు చెదరకుండా కట్టిన రబ్బరుబ్యాండ్లు కరిగి అంటుకుంటాయి. ముదురు ఎరుపు, నలుపు బట్టల రంగు ఒంటికి దిగుతుంది. పాత బార్బీలకైతే చెవిపోగుల్లోని లోహం వల్ల చెవుల చుట్టూ పచ్చమరక పడుతుంది. ఇవన్నీ మూసిన పెట్టెలో, ఎవరూ చూడకుండా జరిగిపోతాయి. బెంగళూరు చలవ ఊరు కాబట్టి కొంత నయం. అదే పెట్టె యానాంలోనో బరంపురంలోనో సముద్రపు ఉక్కలో ఉంటే ఇంకా తొందరగా పాడవుతుంది. ఏడాదికోసారి విప్పి, దుమ్ము దులిపి, బట్ట మార్చిన బొమ్మే ఎక్కువ కాలం బతుకుతుంది.

ధర మాటకొస్తే, అందరూ దాచిన వస్తువు అరుదైంది ఎలా అవుతుంది? ఇవి దాచుకోవడానికే అని అమ్మారు, కొన్నవాళ్లు దాచుకున్నారు. కాబట్టి సీలు విప్పనివి లోకంలో చాలానే ఉన్నాయి. పైగా అమెరికాలో అడిగేవాళ్లుంటారేమో గానీ, ఇక్కణ్ణుంచి అక్కడికి పంపే ఖర్చు ఎవరు లెక్కేశారు?

రెండో అభ్యంతరం పెద్దవాళ్లది. "దేవుడి కొలువులో ప్లాస్టిక్ సినిమా బొమ్మలా?" ఆ మాటని మేం తేలిగ్గా తీసిపారేయం. ఆంధ్రతీరంలో చాలా ఇళ్లల్లో కొలువు సంక్రాంతికి పెడతారు. కన్నడదేశానికొచ్చి స్థిరపడ్డ మనం ఇక్కడివాళ్లతో పాటు దసరాకి పెడుతున్నాం, గొంబె హబ్బ అనే అంటున్నాం. మైసూరువాళ్ల సంప్రదాయం చూసి రాజా రాణీ పట్టద గొంబెలు తెచ్చుకున్నాం. చన్నపట్టణం బొమ్మలూ కొండపల్లి బొమ్మలూ మా మెట్ల మీద పక్కపక్కనే కూర్చుంటాయి. పై మెట్టు ఎప్పుడూ దేవుళ్లదే. కింది మెట్లు మాత్రం మనుషులవి. శెట్టిగారూ శెట్టమ్మా సరుకులు పెట్టుకుని కూర్చోలేదా? పెళ్లి బాజాలవాళ్లు లేరా? క్రికెట్ ఆడేవాళ్లని ఎవరూ కాదనలేదే? లోకంలో ఉన్నదంతా కింది మెట్ల మీదికి వస్తుంది. సినిమా మన లోకంలో లేదని ఎవరనగలరు? కింది మెట్టు ఇమ్మంటున్నాం, అంతే.

మూడో అభ్యంతరం మా ఈడు తల్లులది. వాళ్ల మాటలో బలముంది. "సన్నటి నడుం, గులాబీ పెదాలు, ఇవి చూసి ఆడపిల్లలేం నేర్చుకుంటారు?" బొమ్మని ఊరికే చేతికిచ్చి వదిలేస్తే అదే నేర్చుకుంటారు. పక్కన కూర్చుని మాట్లాడితే వేరే నేర్చుకుంటారు. మార్లిన్ బొమ్మ కట్టిన గులాబీ గౌను వెనక విలియం ట్రావిల్లా అనే దర్జీతనం తెలిసిన కళాకారుడున్నాడు. స్కార్లెట్ పచ్చ గౌను, కథ ప్రకారం, చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు ఇంట్లో కిటికీ తెరలు చింపి కుట్టించుకున్నది. తళుకు ఒంటితో పుట్టదు, దాన్ని ఎవరో కొలిచి, కత్తిరించి, కుట్టాలి. 2023లో మాటెల్ అన్నా మే వాంగ్ బార్బీని తెచ్చింది. అమెరికాలో పుట్టిన ఈ చీనా తార, 1937 నాటి 'ది గుడ్ ఎర్త్' సినిమాలో చీనా రైతుభార్య వేషం కావాలని కోరింది. ఆ వేషం తెల్లజాతి నటి లూయీస్ రైనర్‌కి వెళ్లింది. తొమ్మిదేళ్ల పిల్లకి ఈ అన్యాయం పుస్తకంలో కంటే బొమ్మ చేతిలో ఉన్నప్పుడు బాగా అర్థమవుతుంది.

ఇంతవరకూ పరాయి తారల మాట. మన తారల బొమ్మలేవి? 2006లో బ్రిటన్‌లో షారూఖ్ ఖాన్, కాజోల్, హృతిక్ రోషన్, ప్రియాంకా చోప్రా బొమ్మలు అమ్మారు. మన పాత తెలుగు తారలకి అంగట్లో అలాంటి ఫ్యాషన్ బొమ్మ మాకు దొరకలేదు. దొరక్కపోతేనేం, బట్టలు కుట్టుకోవచ్చు కదా. జీన్ బొమ్మ ఏ ఒక్కరి ముఖమూ కాదన్నాం. అది మనకి మంచిదే. చీర కట్టి జడ వేస్తే మన మనిషవుతుంది.

మా ఎంపిక జమున. హంపిలో పుట్టి తెలుగువాళ్లందరికీ సత్యభామ అయిన మనిషి. మనలాంటి సరిహద్దు కుటుంబాలకి ఇంతకంటే దగ్గరి తార ఎవరు? బెంగళూరులో పుట్టి నాలుగు భాషల్లో వెలిగిన బి. సరోజాదేవి ఉంది, బళ్లారిలో పుట్టిన జయంతి ఉంది. తారల విషయంలో కన్నడ, తెలుగు అని గీత గీయడం కష్టం. మన ఇళ్లల్లోనూ అంతే కదా.

కుట్టాలనుకునేవాళ్లకి లెక్క ఇది. జీన్ బొమ్మ 15.5 అంగుళాలు, అంటే అయిదడుగుల రెండంగుళాల మనిషికి సరిగ్గా నాలుగో వంతు. అయిదున్నర మీటర్ల చీర దానికి దాదాపు 1.4 మీటర్లవుతుంది, పన్నా 11 అంగుళాలు. బార్బీకైతే ఆరో వంతు లెక్క: పొడవు 92 సెంటీమీటర్లు, పన్నా ఏడున్నర అంగుళాలు. నాలుగంగుళాల జరీ అంచు జీన్‌కి ఒక్క అంగుళం. అసలు చిక్కు ఎక్కడంటే, బొమ్మ చిన్నదైనంత మాత్రాన బట్ట పలచబడదు. కొత్త పట్టు బిర్రుగా నిలబడి కుచ్చిళ్లు మూటకట్టినట్టుంటాయి. అరిగిన పాత పట్టుచీర కొంగో, మల్లు గుడ్డో తీసుకోండి. కుచ్చిళ్లు మూడో నాలుగో చాలు, లోపల రెండు కుట్లు వేస్తే నిలుస్తాయి. రంగు దిగకుండా ఒంటికీ చీరకీ మధ్య తెల్ల మల్లు గుడ్డ వేయండి. జడకి నల్ల పట్టుదారం వాడండి. సత్యభామ కాబట్టి జడ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

అసలు లాభం కుట్టేటప్పుడు వచ్చే మాటల్లో ఉంది. నలుపు తెలుపు సినిమాలో శశిరేఖ చీర ఏ రంగు? 1957 నాటి మాయాబజార్‌కి 2010లో రంగులద్దారు. వాళ్లు అద్దిందే ఒప్పుకోవాలా? ఆ చీరకి ఏ రంగు నప్పుతుందో చెప్పాలంటే మన అవ్వల్ని అడగాలి. ఆ కాలంలో ఏ రంగుకి ఏ అంచు వేసేవాళ్లో, రవికె చేతులు ఎంతవరకూ ఉండేవో వాళ్లకే తెలుసు. టెంటు సినిమాలో నేల మీద కూర్చుని చూసిన కళ్లవి.

ఇక్కడే ఈ వాదంలో మాకు నిజంగా పోయేదీ మిగిలేదీ ఉంది. మేం కన్నడ మీడియంలో చదువుకున్నాం. తెలుగు మాకు బడిలో రాలేదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కాబట్టి, తలకట్టు ఎక్కడ మారుతుందో చూసుకుంటూ సినిమా పేర్లు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాం. మా పిల్లలకి ఆ మాత్రం అవసరం కూడా లేదు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడ. ఇంట్లో అవ్వతో మాట్లాడటానికి వాళ్లకి ఒక విషయం కావాలి. "తెలుగు మాట్లాడు" అంటే ఏ పిల్లా మాట్లాడదు. "ఈ జడకి ఏమేం పెట్టాలో అవ్వనడుగు" అంటే పాపిటబిళ్ల, చెంపసరాలు, జడగంటలు, వంకీ, వడ్డాణం, మాట వెంట మాట వస్తుంది. వస్తువు చేతిలో ఉంది కాబట్టి ఆ మాట నిలుస్తుంది కూడా. మా అవ్వకి ఎనభై నాలుగేళ్లు. పెట్టెలు ఇంకో పదేళ్లు దాచి ధర పెరిగాక విప్పుదామంటే, అప్పుడు బొమ్మలుంటాయి సరే, చెప్పేవాళ్లుండాలి కదా?

అందుకే మా తీర్పు ఇది. పదకొండూ విప్పాలి. మార్లిన్, ఆడ్రీ, స్కార్లెట్లని వాళ్ల బట్టల్లోనే ఉంచి కింది మెట్టు మీద పెట్టాలి. ఒక జీన్‌కి చీర కట్టాలి. పండగయ్యాక పిల్లలకి తలా ఒకటి ఇవ్వాలి, వాళ్లు ఆడుకుంటే ఆడుకోనివ్వాలి. అత్త పేరు, ఏ ఏట ఎక్కడ కొన్నదో, చీర ఎవరు కుట్టారో, జడకి అవ్వ ఏం చెప్పిందో ఒక చీటీ మీద తెలుగులో రాసి బొమ్మతో ఇవ్వాలి. ఖాళీ పెట్టెలు మడిచి దాచుకోండి, కావాలంటే. బొమ్మల్ని మళ్లీ లోపల పెట్టేటప్పుడు కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ పాడవుతుంది. పాత నూలుగుడ్డలో వదులుగా చుట్టి, ఎండ తగలని చోట పెడితే చాలు.

మహాలయ అమావాస్యకి ముందే అటక దిగండి. కుట్టుపని రెండు వారాలు పడుతుంది, చీర రంగు మీద పోట్లాటకి ఇంకో వారం వేసుకోండి.