నారాయణుడు మెచ్చిన నలుపు

నలుపు నారాయణుడు మెచ్చునని తెలుగువారి సామెత. నల్లరేగడిని రైతు మెచ్చును. నల్లపూసలను ముత్తైదువ కన్నుల కద్దుకొనును. సింగరేణి బొగ్గును జనులు నల్లబంగారమందురు. మాటలలో ఇంతటి గౌరవము పొందిన ఈ రంగు బాలల బొమ్మల పుస్తకములలో మాత్రము రాక్షసుల పాలైనది. వీరుడు పచ్చని మేనివాడు, దుష్టుడు నల్లనివాడు. ఈ విభాగమును బాలుడు అక్షరములు నేర్వకమునుపే నేర్చుకొనుచున్నాడు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములలోను, వాని చుట్టునున్న పల్లెలలోను, తండాలలోను బడికి వచ్చు పిల్లలలో ఎందరో ఎండలో పనిచేయువారి బిడ్డలు. నిజాంసాగరు నీటి క్రింద వరి నాటువారు, చెరకు నరుకువారు, గల్ఫు దేశములకు పోయి ఇసుక యెండలలో కూలిచేయువారు వారి తలిదండ్రులు. అట్టి పిల్లవాడు బొమ్మల పుస్తకము తెరచినప్పుడు అతని మేనిచాయ కనబడునది బకాసురునకు, హిడింబునకు. పాఠశాల వార్షికోత్సవము వచ్చినచో రాముని వేషమునకు తెల్లని పిల్లవానిని, రావణుని కింకరుల వేషములకు నల్లని పిల్లలను ఏరుట అనేకచోట్ల వాడుకయైనది. ఎవరును చెడు తలంపుతో చేయునది కాదు. కనుకనే అది ఎవరి దృష్టికిని రాకున్నది.

బొమ్మ బాలునకు మొదటి గురువు. అతడు పాఠము మరచును గాని బొమ్మను మరువడు. శౌర్యమునకు, బుద్ధికి, సౌందర్యమునకు ఒకే చాయ కలదని పదేండ్లు చూచిన కన్నులు అద్దము ముందు తమ్ము తామే తక్కువ చేసికొనును. ఈ ప్రశ్న ఇచ్చట క్రొత్తదిగ తోచినను, అమెరికాలో బొమ్మల కథలు వ్రాయువారు, చదువువారు దీనిపై చిరకాలముగ వాదించుచున్నారు. ఆ చరిత్ర ఉపాధ్యాయులు తెలిసికొనదగినది.

1934లో లీ ఫాక్ సృష్టించిన మాండ్రేక్ అను మాంత్రికుని కథలలో లోథార్ అను నల్లజాతి బలశాలి కలడు. అతడు ఆఫ్రికాలో ఏడు జాతులకు రాకుమారుడు. అయినను సింహాసనము విడిచి తెల్లజాతి మాంత్రికునకు సేవకుడయ్యెను. చిరుతపులి తోలు ధరించుట, తప్పుల భాష మాట్లాడుట, యజమానికై పోరాడుట అతని వంతు. 1965లో ఫ్రెడ్ ఫ్రెడెరిక్స్ చిత్రణము చేపట్టిన పిదపనే అతని వేషము మారెను, భాష చక్కబడెను. 1964లో ఆరంభమైన ఇంద్రజాల్ కామిక్స్ మూలమున ఈ కథలు భారతీయ బాలురకును పరిచితములైనవి.

ఈ చిత్రణమునకు ఎదురునిలిచినవారు లేకపోలేదు. 1947 జూన్ నెలలో ఫిలడెల్ఫియా నగరమున ఆరిన్ ఎవాన్స్ అను నల్లజాతి పాత్రికేయుడు ఆల్-నీగ్రో కామిక్స్ అను పత్రికను ప్రకటించెను. అందు వ్రాసినవారు, గీసినవారు, కథానాయకులు అందరును నల్లవారే. రెండవ సంచికకు కాగితమమ్ము వ్యాపారి నిరాకరించుటచే ఆ పత్రిక ఒక్క సంచికతో నిలిచిపోయెను. ఆ మరుసటి నెలలోనే మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను ఆరంభించిరి. అది దశాబ్దముల పర్యంతము ఇంటింట వెలుగొందినది. ఒకే వేసవిలో పుట్టిన ఆ రెంటి జాతకములు ఎంత వేరు!

1953లో అల్ ఫెల్డ్‌స్టీన్ వ్రాయగా జో ఒర్లాండో గీసిన జడ్జిమెంట్ డే అను కథ మరింత గమనింపదగినది. అది మరమనుషుల లోకము. వారిలో కొందరు నారింజ రంగువారు, కొందరు నీలి రంగువారు. లోపలి యంత్రమొక్కటే, పైతొడుగు మాత్రమే వేరు. అయినను నీలివారికి వేరు పేట, తక్కువ పని. భూలోకము నుండి పరీక్షకై వచ్చిన వ్యోమగామి, ఈ భేదము తొలగువరకు విశ్వసమాజమున మీకు చోటు లేదని తీర్పు చెప్పి వెడలిపోవును. చివరి బొమ్మలో అతడు శిరస్త్రాణము తీయగా నల్లజాతివాడని తెలియును. 1956లో ఈ కథను తిరిగి ముద్రింపబోగా, కామిక్స్‌ను పరిశీలించు సంస్థ అధికారి ఆ వ్యోమగామి నల్లవాడు కారాదని పట్టుబట్టెను. ప్రకాశకుడు విలియం గెయిన్స్ లొంగలేదు. కథ యథాతథముగ వెలువడినది. కథ యావత్తు చదివిన ఆ అధికారికి అభ్యంతరముగ తోచినది ఒక్క మేనిచాయ!

పదేండ్లు గడచెను. 1966 జులైలో స్టాన్ లీ, జాక్ కిర్బీలు బ్లాక్ పాంథర్ అను వీరుని ప్రవేశపెట్టిరి. అతడు వకాండా అను కల్పిత ఆఫ్రికా రాజ్యమునకు ప్రభువు, శాస్త్రవేత్త. రాజ్యము విడిచి సేవకుడైన రాకుమారుని చోట రాజ్యమేలు రాజు నిలిచెను. 1969లో ఫాల్కన్, 1972లో ల్యూక్ కేజ్, 1975లో స్టార్మ్ అను వీరనారి వచ్చిరి. అంతటితో చర్చ ముగియలేదు. ల్యూక్ కేజ్‌ను చెరసాల నుండి వచ్చినవానిగనే చూపుట యేల యను ప్రశ్న పుట్టెను. 1993లో డ్వేన్ మెక్‌డఫీ మొదలగు నల్లజాతి రచయితలు, చిత్రకారులు మైల్‌స్టోన్ అను సంస్థను స్థాపించి తమ కథలను తామే చెప్పుకొనిరి. నల్లవానికి బొమ్మలో చోటిచ్చుట మొదటి మెట్టు. కుంచె అతని చేతి కిచ్చుట రెండవ మెట్టు.

అమెరికా సమస్యయు ఇచ్చటి సమస్యయు ఒక్కటే యనుట పొరపాటు. అచ్చట నలుపు వెనుక బానిసత్వపు చరిత్ర యున్నది. ఇచ్చట రంగును కులమును ఒకదానితో నొకటి పెనవేసికొన్నవి. వర్ణమను ఒక్క పదమునకే ఆ రెండర్థములును కలవు. కారణములు వేరైనను పుస్తకము ముందు కూర్చున్న పిల్లవానికి తగులు దెబ్బ ఒక్కటియే.

ఒక విషయమున తెలుగువారు అదృష్టవంతులు. వకాండాను స్టాన్ లీ, కిర్బీలు కల్పింపవలసి వచ్చెను. ఇచ్చట కల్పింపవలసిన పని లేదు. భారతమును రచించిన మహర్షి పేరే కృష్ణద్వైపాయనుడు. అగ్నివేదిక నుండి పుట్టిన ద్రౌపదికి మేనిచాయను బట్టియే కృష్ణ యను నామము. పేరులోనే నలుపు గల ఈ మహనీయులు బొమ్మలలోనికి వచ్చునప్పటికి తెల్లబడుచున్నారు. 1967లో ఆరంభమైన అమర చిత్ర కథలో మొదటి పది సంఖ్యలు పాశ్చాత్య కథలు. మంచువలె తెల్లనగుటచే ఆ పేరు గాంచిన రాకుమారి కథ అందొకటి. 1969లో వెలువడిన కృష్ణుని కథతో భారతీయ గాథలు మొదలైనవి. వానిని అసంఖ్యాకులగు బాలురకు చేర్చిన కీర్తి అనంత పాయ్ గారిది. కాని అందును రంగుల వాడుక మారలేదు.

నీలవర్ణము భక్తుల భావనకు సంబంధించినదనియు, మేఘశ్యాముని నీలముగ వ్రాయుట చిత్రకారుల సంప్రదాయమనియు కొందరు చెప్పవచ్చును. దేవునకు ఆ సంప్రదాయము ఉండనిండు. ద్రౌపదికి, వ్యాసునకు ఆ సమాధానము చెల్లదు. వారు మానవులు, వారి చాయ గ్రంథమందు స్పష్టముగ నున్నది. దానిని మార్చుట సంప్రదాయము కాదు, మూలమును తప్పు చదువుట.

తెలంగాణమునకు తనదైన బొమ్మల కథ యొకటి కలదు. చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన బట్టపై ఎఱ్ఱని భూమికలో వరుసలుగ చిత్రించు పటము అది. ఆ పటమును విప్పుచు కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణమును వినిపించిరి. అనగా ఏ శ్రోతల ముందు కథ చెప్పుదురో ఆ శ్రోతల మూలపురుషుడే వీరుడు. ఆ పటములయందును రాక్షసులకు ముదురు రంగు వేయుట కలదు. ఆ లోపమును దాచనక్కరలేదు. కాని వినువాడు తన్ను తాను కథలో చూచుకొనవలెనను సూత్రము, అమెరికావారు వాదించి సాధించిన సూత్రము, ఈ నేలపై వాడుకలో నుండినది.

చేయవలసినది కష్టసాధ్యము కాదు. నాటకమున వేషములు వాచికమును బట్టి ఇయ్యవలెను, చాయను బట్టి కాదు. చిత్రలేఖన తరగతిలో ద్రౌపదిని పేరునకు తగినట్లు వ్రాయుమని పిల్లలకు చెప్పవలెను. గ్రంథాలయమునకు పుస్తకములు కొనునప్పుడు వీరుల ముఖములను కూడ చూడవలెను. 1979లో అమర చిత్ర కథలో వెలువడిన అంబేద్కర్ గారి జీవితము వంటివి ప్రతి పాఠశాలలో నుండవలెను. కొమరం భీమును, చాకలి ఐలమ్మను కథానాయకులుగ చేసి విద్యార్థులే బొమ్మల కథలు వ్రాసి గోడపత్రికపై పెట్టవలెను. ఎల్లారెడ్డి పిల్లవాడు తన చేతి రంగును చూచి వీరుని చేతికి రంగు వేసిననాడు కుంచె చేరవలసిన చోటికి చేరినట్లే.

విరాటపర్వమున అర్జునుడు ఉత్తరునకు తన పది పేర్లు వివరించును. అందు పదియవది కృష్ణుడు. నల్లగ మెరయు ఆ బాలునిపై ప్రేమచే తండ్రి పెట్టిన పేరది. తండ్రి ముద్దుచేసిన ఆ నలుపును కించపరచు బొమ్మ భారతకథకు బొమ్మ కానేరదు. విరాటపర్వమును పాఠము చెప్పు ప్రతి ఉపాధ్యాయుడును ఆ పదియవ పేరు వద్ద ఒక్క నిమిషము నిలిచి, తరగతిలోని పిల్లల ముఖములను చూచి, దాని యర్థమును వివరింపవలెను.