కొత్త ల్యాప్‌టాప్ అడిగే ముందు ఈ 2 ఎంబీ టూల్ ట్రై చేయండి

సాఫ్ట్‌వేర్ జాబ్ అని తెలిస్తే చాలు, కాలేజీ జూనియర్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: "అన్నా, ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది. ఒక ఫైల్ వెతకాలన్నా టీ తాగి రావాల్సి వస్తోంది. కొత్తది కొనేయనా?" ఇంట్లో నలభై, యాభై వేలు అడిగే ముందు ఒక మాట వినండి. ఫైల్ దొరకకపోవడానికి కారణం చాలాసార్లు మీ ప్రాసెసర్ కాదు, వెతికే పద్ధతి.

విండోస్ 11లో సెర్చ్ డిఫాల్ట్‌గా 'క్లాసిక్' మోడ్‌లో ఉంటుంది. అంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్ లాంటి ఫోల్డర్లనే ముందుగా ఇండెక్స్ చేసి పెట్టుకుంటుంది. మనం చేసేదేంటి? "సీ డ్రైవ్‌లో ఏమీ పెట్టకు, ఫార్మాట్ చేస్తే పోతాయి" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, అన్నీ డీ, ఈ డ్రైవ్‌లలో పడేస్తాం. అక్కడ వెతికితే విండోస్ ఒక్కో ఫోల్డర్ తెరిచి చూసుకుంటూ పోవాలి. పాత హార్డ్ డిస్క్ అయితే ఇక చెప్పక్కర్లేదు. దానికి తోడు స్టార్ట్ మెనూలో టైప్ చేస్తే మన ఫైల్‌తో పాటు ఇంటర్నెట్ రిజల్ట్స్ కూడా వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడే వాయిడ్‌టూల్స్ వాళ్ల 'ఎవ్రీథింగ్' అనే ఫ్రీ టూల్ పనికొస్తుంది. పోర్టబుల్ జిప్ సుమారు 2 ఎంబీ. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, అన్‌జిప్ చేసి డబుల్ క్లిక్ చేస్తే చాలు.

ఇంత ఫాస్ట్ ఎలా? హాస్టల్లో ఒకడు ఏ రూమ్‌లో ఉన్నాడో తెలియాలంటే ప్రతి తలుపూ కొట్టం కదా, వార్డెన్ దగ్గర రిజిస్టర్ చూస్తాం. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోనూ అలాంటి రిజిస్టర్ ఒకటి ఉంటుంది. దాని పేరు మాస్టర్ ఫైల్ టేబుల్. ఎవ్రీథింగ్ నేరుగా దాన్నే చదువుతుంది. ఆ తర్వాత వచ్చే మార్పుల కోసం యూఎస్‌ఎన్ జర్నల్ చూస్తుంది. అది గేటు దగ్గర ఇన్-ఔట్ బుక్ లాంటిది. డెవలపర్ సైట్ లెక్క ప్రకారం 10 లక్షల ఫైళ్లకు సుమారు 75 ఎంబీ ర్యామ్ సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి కూడా ఇదేం బరువు కాదు.

వాడటం ఇంకా ఈజీ. పేరులో గుర్తున్న రెండు ముక్కలు టైప్ చేయండి, ఏది ముందు ఏది వెనక అన్నది పట్టించుకోదు. ఫైల్ పేరు తెలుగులో ఉన్నా దొరుకుతుంది. పేరు అస్సలు గుర్తులేదా? వ్యూ మెనూలో ఫిల్టర్స్ ఆన్ చేసి 'డాక్యుమెంట్' ఎంచుకుని, తేదీ కాలమ్ మీద క్లిక్ చేయండి. నిన్న డౌన్‌లోడ్ చేసిన హాల్ టికెట్ పైకి వచ్చేస్తుంది. సైజ్ కాలమ్ మీద క్లిక్ చేస్తే డ్రైవ్‌ని ఎవరు మింగేస్తున్నారో కూడా తెలిసిపోతుంది. ఎప్పుడో చూసేసిన సినిమాలే అయ్యుంటాయి!

అలాగని ఇది అన్నిటికీ మందు కాదు. ఇది ఇండెక్స్ చేసేది ప్రధానంగా పేర్లనే. ఫైల్ లోపలి టెక్స్ట్ వెతికే ఆప్షన్ ఉంది కానీ స్లో. ఆ పనికి ఇండెక్స్ చేసిన ఫోల్డర్లలో విండోస్ సెర్చే బెటర్. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫోల్డర్‌గా యాడ్ చేయాలి, అక్కడ ఆ రిజిస్టర్ ట్రిక్ పనిచేయదు.

జాగ్రత్త కూడా అవసరమే. మాస్టర్ ఫైల్ టేబుల్ చదవాలంటే అడ్మిన్ పర్మిషన్ కావాలి. అంత పర్మిషన్ ఇస్తున్నాం కాబట్టి ఏదో సైట్‌లో కనిపించిన కాపీ వద్దు, వాయిడ్‌టూల్స్ సొంత సైట్ నుంచే దించుకోండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ టీమ్‌ని అడక్కుండా వాడొద్దు. నలుగురు వాడే పీసీలో ఇంకొకళ్ల ఫైల్ పేర్లు కూడా కనిపించే అవకాశం ఉంది, అది మర్చిపోవద్దు.

నా అభిప్రాయం సింపుల్. వీడియో ఎడిటింగ్‌కి, గేమింగ్‌కి కొత్త హార్డ్‌వేర్ అడగండి, తప్పులేదు. బూట్ స్లోగా ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, తేడా మీకే తెలుస్తుంది. కానీ డ్రైవ్‌లో ముందే రాసి ఉన్న పేరుని చదవడానికి కొత్త మెషీన్ అక్కర్లేదు. రిజిస్టర్ ఎక్కడుందో తెలిసిన చిన్న టూల్ ఉంటే చాలు.