తడిచెత్త గేటు దాటకూడదు

అపార్ట్‌మెంట్ చెత్తలో దాదాపు సగం వంటింటి నుంచి వచ్చేదే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, మామిడి టెంకలు, ఎముకలు, దేవుడి దగ్గర వాడిన పూలు ఇందులో ఉంటాయి. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కాగితం, అట్టపెట్టెలు, పాల ప్యాకెట్లు, సీసాలు, గుడ్డపీలికలు. వీటికి తోడు డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, కాలం చెల్లిన మందులు, బ్లేడ్లు, పాత బ్యాటరీలు కొద్దికొద్దిగా వస్తాయి. ఇవన్నీ ఇంట్లో వేరువేరుగానే పుడతాయి. ఒకటయ్యేది సింకు కింది నల్ల కవర్లో.

హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో అపార్ట్‌మెంటు వాసుల మనసుల్లో ఈ కలగాపులగాన్ని సమర్థించే అభిప్రాయం ఒకటి బలంగా నాటుకుంది. చెత్త ఎత్తడం మున్సిపాలిటీ పని. ఇంట్లో వేరు చేసినా బండిలో కలిపేస్తారు. ఆవరణలో ఎరువు చేస్తే కంపు, ఈగలు. పైగా స్థలమే లేదు. ఎలాగూ చెత్తతో కరెంటు తీసే ప్లాంట్లు వచ్చాయి కాబట్టి మిగతా సంగతి అవే చూసుకుంటాయి. అసోసియేషన్ సమావేశాల్లో ఈ మాటలు వినపడగానే చర్చ ముగుస్తుంది. ఈ వాదనలో నిజం పాలు కొంత ఉన్నా, దాని ముగింపు మాత్రం పూర్తిగా తప్పు. తడిచెత్త పుట్టిన ఆవరణలోనే ఎరువు కావాలి. ఆ పనికి నగరంలో అపార్ట్‌మెంటును మించిన చోటు లేదు.

గేటు దాటిన చెత్త ఎక్కడికి పోతుందో ముందు చూడాలి. హైదరాబాదులో ఆటోలోకి ఎక్కిన చెత్త ట్రాన్స్‌ఫర్ స్టేషన్ మీదుగా పెద్ద లారీల్లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్‌కు చేరుతుంది. అక్కడ ఏళ్ల తరబడి పోగుపడింది ఒక గుట్టే అయింది. కలిపి పోసిన చెత్తలో తడిభాగం కుళ్లి, లీచేట్ అనే నల్లటి రసం ఊరుతుంది. పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది ఆ రసమే. గుట్టకు మట్టి, ప్లాస్టిక్ పొరలు కప్పారు, రసాన్ని శుద్ధి చేసే ఏర్పాట్లూ వచ్చాయి. అయినా దుర్వాసన మీద చుట్టుపక్కల కాలనీల ఫిర్యాదులు ఆగలేదు. గాలి అందని లోతుల్లో కుళ్లే తడిచెత్త నుంచి మీథేన్ పుడుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఈ వాయువు నూరేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు బలమైనది. డంపింగ్ యార్డుల్లో మంటలు రగలడానికీ, ఆరకుండా కాలడానికీ ఇది తోడ్పడుతుంది. 2023 మార్చిలో కొచ్చి శివారు బ్రహ్మపురం యార్డు రోజుల తరబడి కాలి నగరమంతా పొగ కమ్మింది. ఒక అపార్ట్‌మెంటు ఆవరణ శుభ్రంగా కనిపించడానికి మరో ఊరి నీళ్లూ గాలీ ఖర్చవుతున్నాయన్నమాట.

బండిలో కలిపేస్తారన్న ఫిర్యాదు చాలాచోట్ల నిజమే. అది నిజమైన చోట మున్సిపాలిటీని నిలదీయాల్సిందే. కానీ దాని ఆధారంగా ఇంట్లో వేరు చేయడం దండగ అనడం తర్కానికి నిలవదు. తడిచెత్త ఆవరణలోనే ఉండిపోతే బండిలో దేనితో దేన్ని కలుపుతారు? గేటు దాటేది పొడిచెత్తా, శానిటరీ చెత్తా మాత్రమే అయినప్పుడు బండి ఒక రోజు రాకపోయినా కంపు కొట్టదు. పొడిచెత్తను రోజూ ఎత్తనక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు. సాంబారు తగలని అట్టపెట్టెకు పాత సామాన్ల దుకాణంలో ధర ఉంటుంది. తడిసి మడ్డి పట్టిన అట్టపెట్టెను ఎవరూ ముట్టుకోరు. నగరంలో తిరిగి వాడకానికి చేరే కాగితం, ప్లాస్టిక్, ఇనుములో పెద్ద భాగం చెత్త ఏరుకుని బతికేవారి చేతుల మీదుగానే పోతుంది. కలిపిన చెత్త ఆ చేతులకు బ్లేడు కోతలనూ రోగాలనూ ఇస్తుంది, కూలిని తగ్గిస్తుంది.

ఈ ఫిర్యాదు చాటున మరో తప్పు దాగుతోంది. చాలా భవనాల్లో చెత్త కలిసేది బండిలో కాదు, సెల్లార్‌లో. కొన్ని ఫ్లాట్ల వాళ్లు శ్రద్ధగా రెండు డబ్బాల్లో పెట్టినా, పొద్దున్నే అంతస్తులు తిరిగే మనిషికి ఇచ్చింది ఒకటే డ్రమ్ము. రెండో డ్రమ్ము కొనివ్వని అసోసియేషన్‌కు మున్సిపాలిటీని వేలెత్తి చూపే హక్కు లేదు.

ఇక ప్లాంట్ల సంగతి. మన వంటింటి చెత్తలో నీరే ఎక్కువ. దాన్ని తగలబెట్టాలంటే ముందు ఆ నీళ్లన్నీ ఆవిరి కావాలి, అందులో వచ్చే వేడి చాలావరకు దానికే సరిపోతుంది. 1987లో ఢిల్లీలోని తీమార్‌పూర్‌లో డెన్మార్క్ సాంకేతికతతో కట్టిన చెత్త విద్యుత్ కేంద్రం కొద్ది రోజులకే మూతపడింది. అది కోరినంత వేడినిచ్చే చెత్త ఢిల్లీలో దొరకకపోవడమే కారణం. ఇప్పటి ప్లాంట్లు చెత్తను ఆరబెట్టి, ఏరి, మండే భాగాన్ని ఇంధనంగా మార్చుకోవాలని చూస్తున్నాయి. అంటే ప్లాంటు అడుగుతున్నదీ పొడిచెత్తనే. 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా కిలోకు 1,500 కిలో కేలరీలు, ఆపైన వేడినిచ్చే చెత్తలో తిరిగి వాడలేని భాగాన్ని విద్యుత్తు వంటి అవసరాలకు కేటాయించాయి. అరటి తొక్కకూ, పులిసిన అన్నానికీ అందులో చోటు లేదు. ప్లాంటు మీద నమ్మకం ఉన్నవారు మరింత పట్టుదలగా తడి, పొడి వేరు చేయాలి గానీ ప్లాంటును సాకుగా చూపి రెండూ కలపకూడదు.

కంపు భయం అన్నిటికన్నా పెద్దది. చాలా అపార్ట్‌మెంట్లు ఒకసారి మొదలుపెట్టి, కంపు కొట్టి మానేసినవే కాబట్టి ఈ భయాన్ని కొట్టిపారేయకుండా వివరంగా చూడాలి. ఎరువు తయారయ్యే పని సూక్ష్మజీవులది. వాటికి గాలి, తేమ, కార్బన్, నత్రజని కావాలి. కార్బన్, నత్రజనుల నిష్పత్తి 25 నుంచి 30కి ఒకటి చొప్పున ఉంటే పని చురుగ్గా సాగుతుంది. వంటింటి చెత్తలో నత్రజని, నీరు ఎక్కువ, కార్బన్ తక్కువ. ఆ లోటును తీర్చేవి ఎండుటాకులు, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు. బకెట్టు తడిచెత్తకు ఇంచుమించు బకెట్టు ఎండుటాకులు పడాలి. విఫలమైన అపార్ట్‌మెంట్లు చాలావరకు తప్పింది ఇక్కడే. వేప, కానుగ, బాదం చెట్ల ఆకులను ఊడ్చి ఒక మూల కాల్చేస్తారు, లేదా చెత్తబండికి ఎత్తేస్తారు. తొట్టిలో మాత్రం వట్టి తడిచెత్త పోసి అది ఎరువవుతుందని ఎదురుచూస్తారు. అది ఎరువు కాదు, కుళ్లుతుంది.

వాసనే లోపమేమిటో చెబుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడడం లేదని అర్థం. తిరగేసి, ఎండుటాకులు కలపాలి. ముక్కు మండించే అమ్మోనియా వాసన వస్తే నత్రజని మించింది. దానికీ మందు ఎండుటాకులే. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కారితే తేమ ఎక్కువ, చెయ్యి పొడిగానే ఉంటే తక్కువ. పాత తొట్టిలోంచి నాలుగు గుప్పెళ్ల ఎరువు కొత్త తొట్టిలో వేస్తే పాలకు తోడు పెట్టినట్టు పని త్వరగా అందుకుంటుంది. సరిగ్గా నడిచే కుప్ప లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. ఆ వేడికి రోగకారక క్రిములు, ఈగ పురుగులు చస్తాయి. కొద్దిపాటి చేప పొలుసు, ఎముకలు కుప్ప నడిమధ్యలో కప్పిపెడితే వాసన రాదు. తడిచెత్త వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకుల పొర పరిస్తే ఈగలకు గుడ్లు పెట్టే చోటు దొరకదు. రాత్రంతా సెల్లార్‌లో కలగలిసి పులిసే డ్రమ్ము కంపును రోజూ భరిస్తున్నవారు, నలభై అయిదు రోజుల్లో మట్టి వాసన వేసే ఎరువును చూసి భయపడడం న్యాయం కాదు.

ఈ భయాన్ని సొమ్ము చేసుకునే యంత్రాల వ్యాపారం మరొకటి. 24 గంటల్లో ఎరువు అని ప్రచారం చేస్తూ లక్షల రూపాయలకు అమ్మే విద్యుత్ యంత్రాల్లో చాలావాటి నుంచి వచ్చేది ఎండబెట్టి పొడిచేసిన ఆహారమే. సూక్ష్మజీవులు చేయాల్సిన పని ఒక్క రోజులో పూర్తి కాదు. ఆ పొడిని కుండీలో వేసి నీళ్లు పోస్తే మళ్లీ వేడెక్కుతుంది, బూజు పడుతుంది, వేళ్లను దెబ్బతీస్తుంది. దాన్ని కూడా కొన్ని వారాలు మాగబెట్టక తప్పదు. అలాంటప్పుడు కరెంటు బిల్లు, మరమ్మతుల ఖర్చు ఎందుకు పెట్టాలో ఏ అసోసియేషనైనా ఆలోచించుకోవాలి. చెత్తను ముక్కలు చేసే చిన్న యంత్రం మాత్రం నిజంగా అక్కరకొస్తుంది.

స్థలం లెక్క తేలికే. ఫ్లాటుకు రోజుకు 600 గ్రాముల తడిచెత్త వస్తుందనుకుంటే 200 ఫ్లాట్లకు 120 కిలోలు. దానికి ఎండుటాకులు కలిపి 45 రోజులు తొట్లలో ఉంచినా, కుప్ప రోజురోజుకూ కుంగుతుంది కాబట్టి పది ఘనమీటర్లకు కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. తిరగేయడానికి, జల్లించడానికి, ఆకులు నిల్వ చేయడానికి జాగాతో సహా అంతా కలిపి రెండు మూడు కార్ల పార్కింగ్‌కు మించదు. 200 ఫ్లాట్లలో కార్లకు 200 చోట్లు ఇచ్చిన భవనంలో చెత్తకు మూడు చోట్లు లేవనడం అబద్ధం. పది పన్నెండు ఫ్లాట్లుండి చుట్టూ అడుగు నేల లేని భవనాలకు నిజంగా ఇబ్బందే. అవి మేడ మీద గాలి రంధ్రాల డ్రమ్ములు పెట్టుకోవచ్చు, లేదా పక్క భవనాలతో కలిసి కాలనీ పార్కులో ఒక మూల అడగవచ్చు.

చట్టం ఈ బాధ్యతను ఎప్పుడో అప్పగించింది. 2016 నియమాలు రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోట్లను పెద్ద ఉత్పత్తిదారులుగా లెక్కగట్టాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలు చెత్తను పుట్టిన చోటే వేరు చేయాలనీ, తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే కంపోస్టుగానో బయోగ్యాస్‌గానో మార్చాలనీ చెప్పాయి.

ఆచరణలో సాగదనే మాటకు ఊళ్లే జవాబిచ్చాయి. 2012లో మావళ్లిపుర గ్రామస్తులు తమ ఊళ్లోకి చెత్త లారీలు రానివ్వకపోవడంతో బెంగళూరు వీధులు చెత్తతో నిండిపోయాయి. అక్కడి పెద్ద అపార్ట్‌మెంట్లు తమ చెత్తను తాము చూసుకోవడం నేర్చుకున్నది ఆ దెబ్బతోనే. తర్వాత కర్ణాటక హైకోర్టు ఇంటింటా రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతిని తప్పనిసరి చేసింది. అదే 2012లో కేరళలోని ఆలప్పుళ పట్టణానికి సర్వోదయపురం యార్డు మూసుకుపోయింది. ఆ పట్టణం వాడల్లో గాలి ఆడే కంపోస్టు తొట్లు, ఇళ్లలో బయోగ్యాస్ పెట్టుకుని నిలదొక్కుకుంది. తెలుగు నేల మీద సూర్యాపేట అంతకుముందే, 2000 దశకంలో, వీధి కుండీలు తీసేసి ఇంటింటా తడి, పొడి వేరుగా సేకరించి వానపాముల ఎరువు చేసి చూపింది. పల్లెటూళ్లలో పెరటి పెంటకుప్పను, కుడితి తొట్టిని ఎరిగిన తరం ఇంకా ఈ అపార్ట్‌మెంట్లలోనే ఉంది. వారికి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

ఇంత చెప్పినా మున్సిపాలిటీ బాధ్యత తీరిపోదు. పొడిచెత్తకు, శానిటరీ చెత్తకు వేరు అరలున్న బండి పంపడం, వార్డులో పొడిచెత్త కేంద్రం నడపడం, మిగిలిన ఎరువును పార్కులకు తీసుకోవడం దాని పనులు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన చెత్త రుసుము జనాగ్రహానికి గురై 2024లో రద్దయింది. మళ్లీ ఎప్పుడైనా రుసుము పెడితే, తడిచెత్తను బయటికి పంపని భవనానికి తగ్గించి, కలిపి పంపేదానికి పెంచడమే న్యాయం.

అసోసియేషన్లు వచ్చే సర్వసభ్య సమావేశంలోనే తేదీ పెట్టి తీర్మానం చేయాలి. తొట్లు చూసుకునే మనిషికి చేతితొడుగులు, అదనపు పనికి అదనపు జీతం ఇవ్వాలి. కలిపిన చెత్తను ఆ మనిషి తీసుకోకుండా తలుపు దగ్గరే వదిలేసే అధికారం ఉండాలి, అప్పుడు కమిటీ అతని వెనక నిలబడాలి. ఆకులు రాలే మాఘ ఫాల్గుణాల్లో వాటిని కాల్చకుండా గోనెసంచుల్లో నింపి దాచుకున్న భవనం, ఎండలు ముదిరే చైత్రంలో పని మొదలుపెట్టి తొలకరి నాటికి మొదటి ఎరువు తీస్తుంది.